ఆయిల్ కూలర్ పైపు: అతుకుల శాస్త్రం

పాతకాలపు పెట్రోలు జీపులలోనూ, కొండదారుల కోసం తయారైన ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలలోనూ ఇంజిన్‌కు, ఆయిల్ కూలర్‌కు నడుమ సాగే రెండు పైపులు చూపుకు గాని, ధరకు గాని పెద్ద భాగాలుగా తోచవు. ఒకటి వేడెక్కిన నూనెను కూలర్‌కు చేరుస్తుంది, రెండవది చల్లబడిన నూనెను తిరిగి ఇంజిన్‌లోకి తెస్తుంది. అయితే మందపాటి లోహపు గోడల మధ్య భద్రంగా తిరిగే నూనె ఆ రక్షణను వదిలి బయటికి వచ్చి, రబ్బరును, నట్లను, వాషర్లను నమ్ముకుని ప్రయాణించే చోటు ఇదే కనుక, మిగిలిన ఇంజిన్ ఎంత గట్టిదైనా దాని ఆయుష్షు ఈ రెండు పైపుల చేతిలో ఉంటుంది. ఇవి నడిమి భాగంలో పగలడం అరుదు. రబ్బరు ఉక్కుతో కలిసే చోట, ఉక్కు అల్యూమినియంతో కలిసే చోట, అంటే రెండు భిన్న పదార్థాలు ఒకదానినొకటి పట్టుకుని ఉండవలసిన అతుకుల దగ్గరే ఇవి చెడిపోతాయి. అందువల్ల పైపు మార్చడం అనే పని నిజానికి అతుకులను అర్థం చేసుకునే పని.

పైపు మోసే నూనె చేసే పని ఏమిటో ముందుగా చూడాలి. ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్టు తన బేరింగుల మీద నేరుగా ఆనుకుని తిరగదు. రెండు లోహాల నడుమ కొద్ది మైక్రాన్ల మందం గల నూనె పొర నిలిచి, ఇరుసు బరువునంతా మోస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ సంగతి 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద చేసిన ప్రయోగాలలో దాదాపు యాదృచ్ఛికంగా బయటపడింది. బేరింగు పైభాగాన వేసిన రంధ్రంలోంచి నూనె పైకి తన్నుకురాగా, దానిని మూయడానికి బిగించిన బిరడాను కూడా నూనె బయటికి నెట్టివేసింది. అక్కడ పీడనమానిని అమర్చి చూస్తే, బేరింగు మీది సగటు భారాన్ని మించిన పీడనం కనిపించింది. ఇరుసు తిరుగుతూ తిరుగుతూ నూనెను తన కిందికి లాగి, క్రమంగా సన్నబడే ఇరుకు సందులోకి నెట్టడం వల్ల ఆ పీడనం తనంత తానుగా పుడుతుందని 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ గణితపరంగా నిరూపించాడు. ఆ పొర ఎంత మందంగా నిలుస్తుందన్నది ఇరుసు వేగం మీద, భారం మీద, అన్నిటికంటె ముఖ్యంగా నూనె స్నిగ్ధత మీద ఆధారపడుతుంది. ద్రవం తన ప్రవాహానికి తానే చూపే నిరోధాన్ని స్నిగ్ధత అంటారు; మామూలు మాటల్లో అది నూనె చిక్కదనం.

చిక్కదనానికి శత్రువు వేడి. పాత పెట్రోలు ఇంజిన్లలో విరివిగా పోసే 20డబ్ల్యూ-50 రకం నూనె స్నిగ్ధత 40 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 160 సెంటీస్టోక్స్ ఉండగా, 100 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి 18 సెంటీస్టోక్స్ ప్రాంతానికి పడిపోతుంది. అంటే 60 డిగ్రీల పెరుగుదలకే చిక్కదనం దాదాపు తొమ్మిదో వంతుకు తగ్గిపోతుంది. మామూలు గది వేడిమిలో నీటి స్నిగ్ధత 1 సెంటీస్టోక్ అని గుర్తుంచుకుంటే ఈ అంకెల తూకం తెలుస్తుంది. వేడి మరింత పెరిగితే నూనె పలచబడటంతో ఆగక గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముదురుతుంది, ఆమ్లాలను, జిగురును పుట్టిస్తుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఈ ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక స్థూల సూత్రం ఉంది. ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టెను మెకానిక్కులు ఛాంబర్ అంటారు. అందులోని నూనె 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉన్నంత కాలం చింత లేదు, 130 దాటితే మాత్రం దాని ఆయువు చాలా వేగంగా కరిగిపోతుంది.

మామూలు కారుకు లేని అవసరం కొండదారి వాహనానికి ఎందుకు వచ్చిందంటే, అది పని చేసే తీరులోనే జవాబు ఉంది. లో గేరులో, ఇసుకలోనో బండల మీదనో నడిచేటప్పుడు ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరుగుతూ ఎక్కువ భారం లాగుతుంది గాని, బండి మనిషి నడక కంటె వేగంగా కదలదు. కాబట్టి వేడి పుట్టడం హెచ్చుగా, ఎదురుగాలి తాకడం తక్కువగా ఉంటుంది. 1970లో బ్రిటన్‌లో విడుదలైన రేంజ్ రోవర్‌లోని 3.5 లీటర్ల వీ8 అల్యూమినియం ఇంజిన్ ఇటువంటి సందర్భాలకు మంచి ఉదాహరణ. ఆ కుటుంబానికి చెందిన చాలా వాహనాలలో ఆయిల్ కూలర్ రేడియేటర్‌కు ముందో, రేడియేటర్ పక్క ట్యాంకులోనో ఉంటుంది. తెలుగు నేల మీద పాత పెట్రోలు ఫోర్ వీల్ డ్రైవ్ అనగానే స్ఫురించేది 1985లో వచ్చి 2019 వరకు తయారైన మారుతి జిప్సీ. అటువంటి చిన్న ఇంజిన్లకు, ఫిల్టర్ కింద ఒక పలకను బిగించి, దాని నుంచి రెండు పైపులు లాగి కూలర్‌ను తరువాత అమర్చుకోవచ్చు. కంపెనీ అమర్చినా, తరువాత అమర్చినా పైపుల శాస్త్రం ఒక్కటే.

కొండ ఎక్కకుండానే ఈ పరిస్థితి హైదరాబాదులో ఎదురవుతుంది. మెట్టుగూడ నుంచి తార్నాక మీదుగా హబ్సిగూడ దాకా మెట్రో స్తంభాల పక్కన వాహనాలు ఒకదాని వెనుక ఒకటి పాకే మే నెల మధ్యాహ్నాన, బండికి అందే గాలి ఇంజిన్ ముందున్న ఫ్యాను విసిరినంత మాత్రమే. ఇంజిన్ నిదానంగా తిరుగుతుంటే, బెల్టుతో నడిచే పాతకాలపు ఫ్యాను కూడా నిదానంగానే తిరుగుతుంది. పైగా కూలర్ వదిలించుకోగల వేడి, నూనెకు గాలికి మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదానికి అనులోమంగా ఉంటుంది. నూనె 110 డిగ్రీల వద్ద ఉన్నదనుకుంటే, 25 డిగ్రీల శీతకాలపు పగటిపూట ఆ భేదం 85 డిగ్రీలు, 42 డిగ్రీల ఎండలో 68 డిగ్రీలే. అంటే అదే కూలర్ అదే గాలి విసురుకు వేసవిలో ఐదో వంతు తక్కువ పని చేస్తుంది. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న దక్కన్ పీఠభూమి మీద గాలి సాంద్రత తీరప్రాంతం కంటె సుమారు 5 శాతం తక్కువ కావడం కూడా ఈ లెక్కలో చేరుతుంది గాని, ఎండతో పోలిస్తే దాని వాటా స్వల్పం. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెట్ల నీడ రోడ్ల మీద సాఫీగా తిరిగే బండికి, అక్కడి నుంచి తార్నాక కూడలికి వచ్చి నిలిచిన అదే బండికి నూనె ఉష్ణోగ్రతలో తేడా వస్తుందంటే కారణం ఇదే.

కూలర్ చేసే పనిని అంకెల్లో చూడటం కష్టం కాదు. నిమిషానికి 20 లీటర్ల నూనె ప్రవహిస్తూ కూలర్‌లో 10 డిగ్రీలు చల్లబడితే, అది గాలిలోకి వదిలే వేడి 6 కిలోవాట్లకు కాస్త తక్కువగా ఉంటుంది. స్నానాల గదిలో బిగించే 2 కిలోవాట్ల గీజర్లు మూడింటిని ఒకేసారి నడిపినంత వేడి అది. ఆ నూనె 12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల పైపులో సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో పోతుంది. వేడి నూనెకు ఒక మీటరు పైపులో పీడన నష్టం పదోవంతు బార్ మాత్రమే కాగా, 40 డిగ్రీల నూనెకు అది దాదాపు తొమ్మిది రెట్లవుతుంది. వాతావరణ పీడనానికి దగ్గరగా ఉండే కొలత బార్. మరమ్మతు చేసేవారు తరచు మరచే సంగతి ఇక్కడ ఉంది: నునుపుగా, పొరలు పొరలుగా సాగే ప్రవాహంలో పీడన నష్టం వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. అందుచేత 12 మిల్లీమీటర్ల పైపు దొరకలేదని 9 మిల్లీమీటర్లది బిగిస్తే, చూపుకు తేడా మూడు మిల్లీమీటర్లే అయినా నష్టం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. వేడెక్కినప్పుడు 2 నుంచి 3 బార్ల పీడనంతోనే నడిచేలా రూపొందిన పాత ఇంజిన్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక రబ్బరు సంగతి. పైపు రెండు చివరలా ఉక్కు గొట్టమే ఉన్నా నడుమ కొంత మేర రబ్బరు హోస్ తప్పదు. ఇంజిన్ తన రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది, కూలర్ మాత్రం చాసిస్‌కు బిగించి కదలకుండా ఉంటుంది, ఆ కదలికను మింగగలిగినది రబ్బరే. అయితే అన్ని రబ్బర్లూ ఒక జాతివి కావు. రేడియేటర్ నీటికి వాడే హోస్ సాధారణంగా ఇథిలీన్, ప్రొపిలీన్‌ల నుంచి తయారైన ఈపీడీఎం రబ్బరు. దాని అణువులు ఉదజని, కర్బనాలతో కూడినవి, విద్యుదావేశం ఒక పక్కకు ఒరగనివి. ఖనిజ నూనె అణువులదీ అదే స్వభావం. ఒకే స్వభావం గల పదార్థాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయన్నది రసాయన శాస్త్రంలో పాత పాఠం. కనుక వేడి నూనె తగిలిన ఈపీడీఎం, గంధకంతో ఉడికించినప్పుడు ఏర్పడిన అడ్డు బంధాల వల్ల పూర్తిగా కరగకపోయినా, నూనెను పీల్చుకుని ఉబ్బి, మెత్తబడి, బలం కోల్పోతుంది. నీటి పైపు ముక్క కోసి క్లిప్పు బిగిస్తే సరిపోతుందనే ఆలోచన కొద్ది రోజుల్లోనే బండిని నడిరోడ్డు మీద నిలబెట్టడానికి కారణం ఇదే. నూనెకు తగినది నైట్రైల్ రబ్బరు. 1930లలో జర్మనీలో రూపుదిద్దుకున్న ఈ రబ్బరులో యాక్రిలోనైట్రైల్ అనే అంశం ఉంటుంది. అందులోని నత్రజని ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కోవడం వల్ల అణువుకు ధ్రువత్వం వస్తుంది, ధ్రువత్వం గల రబ్బరు ధ్రువత్వం లేని నూనెను దూరంగా ఉంచుతుంది. యాక్రిలోనైట్రైల్ పాలు పెంచిన కొద్దీ నూనెను తట్టుకునే శక్తి పెరుగుతుంది గాని, చలిలో బిరుసెక్కే గుణం కూడా పెరుగుతుంది. శీతల దేశాల వారు ఈ రెండింటి మధ్య తర్జనభర్జన పడవలసిందే. పది డిగ్రీల కిందికి పోవడమే అరుదైన హైదరాబాదులో మొదటి గుణాన్నే చూసుకుని ఎంపిక చేయవచ్చు.

నైట్రైల్ కూడా చిరంజీవి కాదు. ఏళ్ల తరబడి వేడికి, గాలికి గురైన రబ్బరులో కొత్త అడ్డు బంధాలు ఏర్పడి అది బిరుసెక్కుతుంది. హోస్ చివరను ఉక్కు గొట్టం మీదికి ఎక్కించి, పైన ఒక లోహపు తొడుగును యంత్రంతో అదిమి బిగిస్తారు. దానిని క్రింపింగ్ అంటారు. ఆ తొడుగు కింద నలిగి ఉన్న రబ్బరు మొదట్లో స్ప్రింగులా ఎదురుతన్నుతూ సందును మూసి ఉంచుతుంది, ముదిరిన తరువాత నలిగిన ఆకారంలోనే స్థిరపడి ఆ ఎదురుతన్ను కోల్పోతుంది. రబ్బరు వేడికి వ్యాకోచించే పాళ్లు ఉక్కుకంటె ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, చల్లారినప్పుడు అది తొడుగులో కుంచించుకుపోతుంది. ఇంజిన్ వేడెక్కి ఉండగా పొడిగా కనిపించిన అతుకు, తెల్లవారి స్టార్టు చేయగానే, నూనె చిక్కగా ఉండి పీడనం గరిష్ఠంగా ఉన్న క్షణంలో చెమర్చడం ఈ కారణం చేతనే. కాబట్టి లీకును వెతకవలసిన సమయం ఉదయపు మొదటి నిమిషం.

తడిసిన చోటు కనిపించినా నెలల తరబడి ఊరుకునేవారు కొందరుంటారు. ఛాంబర్‌లో 5 లీటర్ల నూనె ఉండి, పంపు నిమిషానికి 20 లీటర్లు తోస్తూ ఉండగా పైపు పూర్తిగా ఊడిపోతే, నూనె మొత్తం బయటపడటానికి పావు నిమిషం చాలు. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగి, డ్రైవరు దానిని గమనించి, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేలోపు బేరింగులు అరిగిపోవచ్చు. పైపు చివర క్లిప్పుతో బిగించిన అతుకు ఎందుకు నమ్మదగినది కాదో కూడా ఒక చిన్న లెక్క చెబుతుంది: 5 బార్ల పీడనం 12 మిల్లీమీటర్ల రంధ్రం మీద దాదాపు 6 కిలోల బరువంత బలంతో హోస్‌ను గొట్టం నుంచి వెనక్కి తోస్తూ ఉంటుంది, అది కూడా ఎడతెగని అదురు మధ్య. సికింద్రాబాదు రాణిగంజ్ ప్రాంతంలో హైడ్రాలిక్ హోస్‌లు తయారు చేసే దుకాణాలలో పాత పైపు చివరలను నమూనాగా చూపి, ఉక్కుతీగ అల్లిక గల నైట్రైల్ హోస్‌కు కొత్త క్రింపింగ్ చేయించడం, కంపెనీ పైపు దొరకనప్పుడు క్లిప్పు కంటె ఎన్నో మెట్లు మేలైన మార్గం.

పైపు విప్పడం దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. ఉక్కు నట్టు అల్యూమినియం కూలర్ మర మీద ఏళ్ల తరబడి కూర్చున్నప్పుడు, వర్షపు నీరు, బురద వాటి మధ్య విద్యుద్విశ్లేష్యంగా పని చేసి ఒక చిన్న బ్యాటరీని ఏర్పరుస్తాయి. ఆ జంటలో త్యాగం చేసేది అల్యూమినియం, దాని తెల్లటి ఆక్సైడు పొడి మర సందులలో నిండి నట్టును సిమెంటులా పట్టేస్తుంది. వేడి చేస్తే వదులవుతుందన్న నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది. అల్యూమినియం వ్యాకోచం ఉక్కుకు దాదాపు రెట్టింపు కనుక, లోపలి మర అల్యూమినియంది, బయటి నట్టు ఉక్కుది అయినప్పుడు రెండింటినీ కలిపి వేడి చేస్తే పట్టు ఇంకా బిగుస్తుంది. నూనె, పెట్రోలు ఉన్న చోట మంట పెట్టడం ఎలాగూ ప్రమాదమే. తుప్పు వదలగొట్టే పలచని నూనెను ముందురోజే పూసి నానబెట్టడం, రెండు పానాలు వాడటం సరైన పద్ధతి: ఒక పానాతో నట్టును తిప్పుతూ, రెండవదానితో కూలర్ వైపు షడ్భుజాన్ని కదలకుండా పట్టుకోవాలి. ఒకే పానాతో బలం చూపితే తిరిగేది నట్టు కాదు, కూలర్ గొంతు. ఇరవై నిమిషాల పని కొత్త కూలర్ కొనడంతో ముగుస్తుంది.

విప్పే ముందే అతుకు చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో శుభ్రం చేయాలి, ఎందుకంటే కూలర్ నుంచి తిరిగి వచ్చే పైపులో పడిన ఇసుక రేణువు ఫిల్టర్‌ను దాటిన తరువాతి మార్గంలో ఉన్నదైతే నేరుగా బేరింగుకే చేరుతుంది. విప్పిన చివరలను వెంటనే మూతలతోనో శుభ్రమైన గుడ్డతోనో కప్పి ఉంచాలి. పైపులలో, కూలర్‌లో మిగిలి ఉండే నూనె అర లీటరు మొదలు లీటరు దాకా కారుతుంది కనుక కింద పళ్లెం పెట్టుకోవాలి.

కొత్త పైపు బిగింపులో మర కొలత మొదటి ప్రశ్న. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో 55 డిగ్రీల కోణంతో మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో మరొకటి తెచ్చాడు. నేటి మెట్రిక్ మరలదీ 60 డిగ్రీలే. పాత వాహనాలలో ఈ మూడు సంప్రదాయాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. అంగుళానికి 16 చుట్ల మరలో ఒక చుట్టుకూ మరొక చుట్టుకూ మధ్య దూరం 1.59 మిల్లీమీటర్లు, దానికి అతి దగ్గరి మెట్రిక్ మరలో 1.5 మిల్లీమీటర్లు, ఈ తేడా వల్ల, వ్యాసాలు కుదిరినట్టు అనిపించినా నట్టు రెండు మూడు చుట్లు సులువుగా ఎక్కి ఆ పైన బిగుసుకుపోతుంది. అక్కడ బలం ఉపయోగిస్తే మెత్తని అల్యూమినియం మర చుట్లు కొట్టుకుపోతాయి. మొదటి చుట్లన్నీ వేళ్లతోనే ఎక్కాలన్న మెకానిక్కుల నియమం వెనుక ఉన్న కారణం ఇదే.

సమాంతర మరలు గల ఈ అతుకులలో నూనెను ఆపేది మర కాదన్నది రెండవ సంగతి. ఆపేది రాగి వాషరు, ఓ-రింగు, లేదా ఒకదానిలో ఒకటి కూర్చునే శంకు ముఖాలు. మర చేసే పని వాటిని అదిమి పట్టడం మాత్రమే. కుళాయి పనిలో అలవాటైన తెల్లటి టెఫ్లాన్ టేపును ఇక్కడ చుట్టడం వల్ల లాభం లేకపోగా, తెగిన టేపు పోగులు నూనె దారులలో ఇరుక్కునే ముప్పు ఉంది. రాగి వాషరు ఒకసారి నలిగి గట్టిపడినది కనుక కొత్తది వేయడమే మేలు, దాని ధర కూడా అతి స్వల్పం. పైపును ఎగ్జాస్టుకు, స్టీరింగుకు, బెల్టుకు తగలని దారిలో నడిపి, ఇంజిన్ ఊగడానికి వీలుగా హోస్‌లో కొంత వదులు ఉంచి, రబ్బరు తొడిగిన పట్టీలతో చాసిస్‌కు కట్టాలి. పైపును మెలితిప్పి బిగించితే ఆ మెలిక హోస్‌లోనే మిగిలిపోయి క్రింపింగ్ దగ్గర అలసటను పెంచుతుంది; కనుక బిగించేటప్పుడు కూడా రెండు పానాలే శరణ్యం.

ఆ తరువాత మిగిలేది గాలి. కొత్త పైపులో, ఖాళీ అయిన కూలర్‌లో నిండిన గాలిని నూనె తోసివేసే దాకా బేరింగులకు నూనె అందదు. రోవర్ వీ8 వంటి ఇంజిన్లలో, పంపు లోపలి పళ్లచక్రాల మధ్య నూనె పూర్తిగా కారిపోతే అది గాలినే తిప్పుతూ నూనెను పీల్చుకోలేని స్థితి వస్తుంది. ఆ పంపును విప్పినప్పుడు పళ్ల మధ్య పెట్రోలియం జెల్లీ కూరి పెట్టడం ఆ ఇంజిన్ల సేవా పుస్తకాలు చెప్పే పద్ధతి. సందులు మూసుకుని పంపు మొదటి చుట్టులోనే నూనెను పీల్చుకుంటుంది, జెల్లీ తరువాత నూనెలో కరిగిపోతుంది. పంపు జోలికి వెళ్లకుండా పైపులు మాత్రమే మార్చినవారు కూలర్‌లో ముందే నూనె నింపి, ఇగ్నిషన్ తీగను విప్పి, నిప్పు పుట్టకుండా స్టార్టర్‌తో కొన్ని సెకన్ల చొప్పున ఇంజిన్‌ను తిప్పి, ఆయిల్ దీపం ఆరిన తరువాతే స్టార్టు చేయాలి. కాసేపు నడిపి, ఆపి, నూనె కిందికి దిగాక కొలకర్రతో మట్టం చూసి, తగ్గినంత మేర పోయాలి. మరునాటి ఉదయం, అంతా చల్లగా ఉన్నప్పుడు, అతుకులను మళ్లీ చూడాలి.

పళ్లెంలో మిగిలిన పాత నూనె చెత్తకుండీకో, మురుగు కాలువకో పోవలసినది కాదు. దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన నూనె అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలకే చేరాలి. లోహపు పొడి, ఆమ్లాలు, కాలిన పెట్రోలు అవశేషాలు అందులో ఉండటమే కారణం.

కొత్త నూనె దగ్గరికి వస్తే, పైపు రబ్బరు ప్రశ్న మరొక రూపంలో తిరిగి ఎదురవుతుంది, దానికి తార్నాకతో నేరుగా సంబంధం ఉంది. 1944లో హైదరాబాదు సంస్థానపు కేంద్ర ప్రయోగశాలలుగా మొదలై, 1956లో కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండలి అయిన సీఎస్ఐఆర్ చేతికి వచ్చి, 1989 నుంచి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అనే పేరుతో తార్నాకలో నడుస్తున్న ఐఐసీటీలో నూనెలు, కొవ్వుల మీద పరిశోధన పాత సంప్రదాయం; కానుగ వంటి తినడానికి పనికిరాని గింజల నూనెల నుంచి, ఆముదం నుంచి వచ్చే ఆమ్లాల నుంచి కందెన నూనెలకు మూలద్రవ్యాలను తయారు చేసే పని అందులో భాగం. ఆ ద్రవ్యాలు చాలావరకు ఎస్టర్లు, అంటే ఆమ్లం ఆల్కహాలుతో కలిసి ఏర్పడిన పదార్థాలు. ఇవి లోహాన్ని బాగా అంటిపెట్టుకుంటాయి, నేలలో త్వరగా కుళ్లిపోతాయి, కొన్ని కృత్రిమ ఇంజిన్ నూనెలలోనూ కొంత పాలు ఇవే ఉంటాయి. అయితే ఖనిజ నూనెకు లేని ధ్రువత్వం ఎస్టర్లకు ఉంది. ఖనిజ నూనెను దూరంగా ఉంచడానికి నైట్రైల్ రబ్బరుకు తోడ్పడిన ఆ గుణమే ఎస్టర్ల విషయంలో ఎదురుతిరిగి, రబ్బరు వాటిని పీల్చుకుని ఉబ్బడానికి వీలిస్తుంది. ఎస్టర్ పాలు ఎక్కువగా ఉన్న నూనె పోయదలచిన పాత బండికి, ఫ్లోరిన్ కలిసిన రబ్బరు లోపలి పొర గల హోస్‌ను ఎంచుకోవాలి. అది 200 డిగ్రీల దాకా వేడినీ తట్టుకుంటుంది, ధర మాత్రం నైట్రైల్ కంటె చాలా ఎక్కువ. సాధారణ ఖనిజ నూనెతోనే నడిచే బండికి ఆ ఖర్చు అనవసరం.